చవక టాబ్లెట్ కొనేముందు: మన ఇంటికి అది సరిపోతుందా?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో ఒక చేనేత సహకార సంఘం కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు నాకు ఇచ్చిన విషయం విని మా ఇంట్లో అందరూ నవ్వినారు. "టాబ్లెట్ అంటే నీకు తెలిసింది బీపీ టాబ్లెట్ ఒక్కటే కదా నాన్నా" అన్నాడు మా అబ్బాయి. నిజమే. నేను చదివింది ఎనిమిదో తరగతి. పద్నాలుగో ఏట మగ్గం గుంతలో దిగినాను. కంప్యూటర్ల గురించి నాకంటే బాగా చెప్పగల పిల్లలు ఈ హాలులోనే యాభైమంది ఉంటారు. అయినా మాట్లాడతానని ఒప్పుకున్నాను. ఎందుకంటే ఈ విషయంలో నేను ఒక తప్పు చేసినాను. ఆ తప్పు దగ్గరనుంచే మొదలుపెడతాను.

2020లో కరోనా వచ్చి బడులు మూసినారు. మీకందరికీ గుర్తుంది. చందన చానెల్లో సంవేద అని పాఠాలు వేసినారు, కొన్ని బడులు ఫోన్లో క్లాసులు పెట్టినాయి. మా సంఘంలో ఒక సభ్యుడు, నాకు తమ్ముడి వరస, ఒకరోజు ఆఫీసుకు వచ్చినాడు. కూతురు ఎస్సెస్సెల్సీకి వచ్చింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోను. ఆర్డర్లు, డబ్బులు, చుట్టాలు, అన్నీ ఆ ఫోన్లోనే. "అన్నా, పిల్లకు ఒక టాబ్లెట్ కావాలంట, ఆరువేలు అడ్వాన్సు ఇప్పించు" అన్నాడు. త్రిఫ్ట్ ఫండు నుంచి ఇప్పించినాను. నెలకు 500 చొప్పున పన్నెండు నెలలు మజూరీలో కోత. సంతకం నాదే.

అంతటితో ఆగకుండా, నేనే దగ్గరుండి ఎస్.పి. రోడ్డుకు తీసుకుపోయినాను. మన కబ్బన్‌పేట, నగరత్‌పేట సందుల్లో నుంచి నడిస్తే పది నిమిషాలు. అక్కడ నేను అడిగింది ఒక్కటే ప్రశ్న: "అన్నిటికంటే తక్కువది ఏది?" పేరు ఎప్పుడూ వినని కంపెనీది ఒకటి 5,500కి ఇచ్చినారు. కవరు 500. పెట్టె మీద అంకెలు పెద్దపెద్దవి ఉన్నాయి. నాలుగువందలు తగ్గించినానని నాకు గర్వం కూడా.

నూలు కొనేటప్పుడు నేను అట్లా చేస్తానా? పోగు లాగి చూస్తాను, పురి చూస్తాను, తడిపి రంగు దిగుతుందేమో చూస్తాను. పట్టు అయితే వాసన చూస్తాను. టాబ్లెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివంతా ఎక్కడ పోయిందో!

నెల తిరక్కుండానే తెలిసింది. క్లాసు తెరిచి కెమెరా ఆన్ చేస్తే బొమ్మ నిలబడిపోతుంది. మగ్గం చప్పుడులో టీచరమ్మ మాట వినపడదు. గంట వాడితే వెనక పెనం మాదిరి కాలుతుంది. తర్వాత చార్జింగు పెట్టే చోటు లూజయింది, ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే ఎక్కుతుంది. ఎనిమిదో నెలలో పూర్తిగా ఆగిపోయింది. బాగుచెయ్యడానికి ఆ పార్టు దొరకదన్నారు. టాబ్లెట్ చచ్చిపోయినాక కూడా వాళ్ల నాన్న నాలుగు నెలలు దాని బాకీ కట్టినాడు. ఆ నాలుగు నెలలూ కోత వేసి వోచరు రాసింది నేనే.

2021 జులై 19, 22 తేదీల్లో రెండు రోజులే పరీక్ష పెట్టినారు ఆ ఏడు. పిల్ల పాసయింది. కానీ లెక్కలు అర్థం కాకుండానే పాసయింది, అది ఆమే చెప్పింది. పీయూసీలో సైన్సు తీసుకుంటానన్న పిల్ల కామర్సు తీసుకుంది. ఇప్పుడు ఉద్యోగం చేస్తోంది, బాగానే ఉంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు కష్టంగా ఉంది.

అందుకని తర్వాత నేను నేర్చుకున్నది మీ ముందు పెడతాను. మనవడిని అడిగి, అంగళ్లలో అడిగి, రెండుసార్లు కొని, నేర్చుకున్నది.

మొదటి మాట. "ఈ టాబ్లెట్ మంచిదా?" అని అడగొద్దండి. "ఏ పనికి, ఎవరి చేతికి?" అని అడగండి. మన ఇళ్లలో పనులు ఏమేమి ఉన్నాయో ఒక్కొక్కటే చూద్దాం.

పిల్లల చదువు. దీనికి టాబ్లెట్ సరిపోతుంది. ఫోన్లో అక్షరాలు చీమల్లాగా ఉంటాయి, టాబ్లెట్‌లో పుస్తకం పేజీ పేజీలాగా కనపడుతుంది. అయితే తెర పది అంగుళాలకు దగ్గరగా ఉండాలి. ఏడు అంగుళాలది పెద్ద ఫోనే తప్ప ఇంకేం కాదు.

డబ్బుల పని. దీనికి టాబ్లెట్ వద్దు. యూపీఐ మొదలుపెట్టాలంటే బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ము అందులోనే ఉండాలి, దాని నుంచి మెసేజ్ పోవాలి. వైఫై ఒక్కటే ఉన్న టాబ్లెట్‌లో సిమ్ము వేసే చోటే ఉండదు. సిమ్ము పట్టేవి కూడా కొన్ని ఇంటర్నెట్‌కే పనిచేస్తాయి, మాట్లాడడానికి, మెసేజ్ పంపడానికి పనికిరావు. కొనేముందు ఈ రెండూ విడివిడిగా అడగండి. ఇంకొక మాట, పిల్లల చేతిలో తిరిగే వస్తువులో బ్యాంకు పెట్టుకోవడం మంచిది కాదు. డబ్బులు ఫోన్లోనే ఉండనీండి.

వాట్సాప్ వేరే. ఫోన్లో ఉన్న వాట్సాప్‌ను టాబ్లెట్‌కు కలుపుకోవచ్చు, దానికి ఇంకో సిమ్ము అక్కరలేదు. షావుకారు పంపిన డిజైన్ పెద్దదిగా చూడాలంటే ఇది బాగుంటుంది.

చీరలు ఫోటో తియ్యడం. ఇక్కడ చాలామంది మోసపోతారు. చవక టాబ్లెట్ కెమెరా సాధారణంగా అదే ధర ఫోను కెమెరా అంత ఉండదు. ఫోటో ఫోన్లో తియ్యండి, గిరాకీకి టాబ్లెట్‌లో చూపించండి.

చూపించేటప్పుడు రంగు సంగతి జాగ్రత్త. మా సంఘంలో ఒక అమ్మకం వెనక్కి వచ్చింది. టాబ్లెట్‌లో చూసి కనకాంబరం రంగు అనుకుని ఆర్డరిచ్చిన ఆమె, చీర చేతికి వచ్చాక ఇది ఇటుక రంగు అన్నది. తప్పు ఎవరిది? ఆ టాబ్లెట్‌లో కళ్లకు మంచిదని ఒక సెట్టింగు ఆన్‌లో ఉంది. అది ఆన్ చేస్తే తెర అంతా పసుపు పూసినట్లు అవుతుంది. నీలాలు ఆకుపచ్చ వైపు పోతాయి, గులాబీ కాస్తా నారింజ అవుతుంది. చీర చూపించేముందు దాన్ని ఆపండి, తెర వెలుగు బాగా పెంచండి. ఎంత చేసినా తెర రంగు పోగు రంగు కాదు. నమూనా పోగు ఒక ముక్క కొరియర్‌లో పంపి ఒప్పించుకున్నాకే రంగు అద్దించండి. ఇప్పుడు మేము అట్లే చేస్తున్నాము.

డిజైన్ గీయడం. గ్రాఫు కాగితం మీద ఒక గడి అంటే ఒక పోగు. చవక టాబ్లెట్ మీద వేలు పెడితే వేలి కింద పది గడులు మునిగిపోతాయి. జకార్డు అట్టలు కొట్టడానికి డిజైన్ తయారుచేసే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్ కోసం చేసినది. కాబట్టి డిజైన్ చూడడానికి, పెద్దది చేసి పోగులు లెక్కపెట్టుకోవడానికి టాబ్లెట్ పనికొస్తుంది. తయారుచెయ్యడానికి కాదు.

సంఘం లెక్కలు. రోజుకు నాలుగు పద్దులయితే సరే. నాలాగా స్టాకు, మజూరి, నూలు ఖాతా అన్నీ ఎక్కించాలంటే కీబోర్డు ఉన్న కంప్యూటరే కావాలి. జెమ్, ఇండియా హ్యాండ్‌మేడ్ మాదిరి సర్కారు అమ్మకం సైట్లలో పేరు నమోదు చేసుకునేటప్పుడు మాత్రం పొడుగు ఫారాలు ఉంటాయి, ఫోన్‌కంటే టాబ్లెట్ మేలు.

ఇంట్లో పెద్దవాళ్లు. చూపు తగ్గిన మా అక్కకు టాబ్లెట్ వచ్చినాక అమెరికాలో ఉన్న మనవరాలి ముఖం బాగా కనపడుతోంది. దీనికి చవకది కూడా చాలు.

ఇంట్లో చదువుకునే పిల్లలు లేరు, ఫోను పెద్దదే ఉంది, అమ్మకాలు షావుకారే చూసుకుంటాడు అంటే టాబ్లెట్ వచ్చి చేసేది ఒక్కటే, సినిమా చూపించడం. అది తప్పని నేనను. కానీ దానికోసం అప్పు చెయ్యొద్దు.

రెండో మాట, పెట్టె మీద అంకెలు. భయపడకండి, ఇవి మన మగ్గం లెక్కలే.

తెరలో చుక్కలుంటాయి. మన అచ్చులో అంగుళానికి ఎన్ని పోగులని లెక్క చూస్తామే, అదే ఇది. 10.1 అంగుళాల తెర మీద 1280, 800 అని రాసి ఉంటే అంగుళానికి సుమారు 149 చుక్కలు. 1920, 1200 అని ఉంటే 224. రెండు తెరల వెడల్పు ఒకటే, నేత వేరు. మొదటిదాంట్లో చిన్న అక్షరాలు నలిగినట్లుంటాయి. తెర పెద్దది కదా అని మోసపోవద్దు, ఎన్ని పోగులో అడగండి.

ర్యామ్ అంటే మగ్గం ముందు మనం కూర్చునే జాగా. స్టోరేజీ అంటే చీరలు పెట్టే బీరువా. జాగా చిన్నదైతే బీరువా ఎంత పెద్దదున్నా పని సాగదు. ఇప్పుడు 4 జీబీ ర్యామ్ కంటే తక్కువది తీసుకోవద్దు. కొన్నిచోట్ల "4 ప్లస్ 4, మొత్తం 8" అంటారు. ఆ రెండో 4 బీరువాలోనుంచి తీసుకున్న జాగా. అక్కడ పని నిదానం. అసలుది ఎంత అని అడగండి. బీరువా 64 జీబీ ఉండాలి. టాబ్లెట్‌కు కావలసిన సొంత సామాన్లే అందులో చాలా చోటు తినేస్తాయి, మిగిలిందే మనది. మెమరీ కార్డు వేసే చోటుంటే ఇంకా మంచిది.

ఆండ్రాయిడ్ ఏ నంబరు, ఇంకా ఎన్నేళ్లు అప్‌డేట్లు ఇస్తారు అని అడగండి. ఇది పెట్టె మీద రాయరు. పాతబడిన ఆండ్రాయిడ్ మీద వాట్సాప్, బడి యాప్‌లు ఒక్కొక్కటే ఆగిపోతాయి. వస్తువు బాగానే ఉంటుంది, వాడుకే ఉండదు.

బెంగుళూరులో సర్వీసు సెంటరు ఎక్కడ, వీధి పేరు చెప్పమనండి. చెప్పలేకపోతే లేచి వచ్చేయండి. బిల్లు లేకుండా కొనొద్దు. బీఐఎస్ గుర్తు ఉందేమో చూడండి. సెకండ్‌హ్యాండుది అయితే డబ్బులిచ్చేముందు మీ ఎదుటే రీసెట్ చేయించి, మీ అకౌంటుతో తెరిపించండి. పాత యజమాని అకౌంటు అందులో ఉండిపోతే అది రాయి కింద లెక్క.

అంగట్లో పది నిమిషాలు కూర్చోండి. సిగ్గుపడొద్దు, డబ్బులు మనవి. మీ ఫోను నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, పిల్లల పాఠం ఒకటి పెట్టండి. శబ్దం పూర్తిగా పెంచి మగ్గం పక్కన వినపడుతుందా అనుకోండి. మీ చీర ఫోటో తెరిచి, అదే చీర కొంగు పక్కన పెట్టి చూడండి. తెలుగులో, కన్నడంలో రెండు మాటలు టైపు చెయ్యండి. అర కిలో దాకా బరువు ఉంటుంది, పిల్ల చేతికిచ్చి పట్టుకోమనండి.

మూడో మాట, ధర. ధరను రూపాయల్లో చూడొద్దు, నెలల్లో చూడండి. మా తమ్ముడు కొన్నది 5,500, ఎనిమిది నెలలు వచ్చింది. నెలకు 687 రూపాయలు పడింది. ఇప్పుడు 11,000 పెట్టి, కవరూ తెర మీద గ్లాసూ 1,000 పెట్టి, మూడేళ్లు వాడితే నెలకు 333. ఏది చవక? తర్వాత ఆ మొత్తాన్ని మజూరీలోకి మార్చండి. మీ ఇంట్లో ఒక చీరకు మిగిలేది ఎంత, ఇది ఎన్ని చీరలు? ఆ అంకె కాగితం మీద రాసి ఇంటావిడకు చూపించండి. ఆమె ఒప్పుకుంటే అంగటికి పోండి. కండెలు చుట్టేది ఆమే, ఆ చీరల్లో సగం కష్టం ఆమెదే.

చవకగా అందరికీ ఇవ్వాలని పెద్దవాళ్లు కూడా ప్రయత్నం చేసినారు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో ఆకాశ్ టాబ్లెట్ అని విడుదల చేసినారు, విద్యార్థుల కోసం. ప్రపంచంలోనే చవకది అన్నారు. జోడించింది మన హైదరాబాదులో. ఏడు అంగుళాల తెర, గట్టిగా నొక్కితేనే పలికేది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్, బ్యాటరీ మూడు గంటలు. వాడిన పిల్లలు నిదానమని, వేడెక్కుతుందని చెప్పినారు. తర్వాతి ఏడు, 2012 నవంబరులో, తెర, ప్రాసెసరు మార్చి ఆకాశ్ 2 తెచ్చినారు. మంచి ఉద్దేశమే. కానీ ధర ముందు పెట్టి పని వెనక పెడితే సర్కారుకైనా, మా తమ్ముడికైనా ఒకటే జరుగుతుంది.

అంతకుముందే మన ఊళ్లోనే ఇంకొకటి పుట్టింది. మన పెద్దలు టాటా ఇన్‌స్టిట్యూట్ అంటారే, ఆ ఐఐఎస్సీ ప్రొఫెసర్లు, ఎన్‌కోర్ అనే కంపెనీవాళ్లు కలిసి సింప్యూటర్ అని చేతిలో పట్టే కంప్యూటర్ చేసినారు. 2001లో నమూనా చూపించినారు, 2004లో బీఈఎల్ తయారు చేసి మార్కెట్లోకి వచ్చింది. చదువురానివాళ్లు కూడా వాడాలని, మన భాషల్లో పలకాలని వాళ్ల ఆశ. అనుకున్నన్ని అమ్ముడుపోలేదు, ధర కూడా అనుకున్నంత దిగలేదు. కానీ అందులో ఒక ఆలోచన నాకు బాగా నచ్చింది. అది ఒక్కొక్కరు కొనాల్సిన వస్తువు కాదు. ఊరికి ఒకటి పెట్టుకుని, ఎవరి స్మార్ట్ కార్డు వాళ్లు పెట్టి తమ పని చేసుకుని ఇంకొకరికి ఇచ్చేది.

ఇది విన్నప్పుడు నాకు అనిపించింది, ఇది సహకార సంఘం లెక్కే కదా! నూలు ఒక్కొక్కరు కొంటే షావుకారు చెప్పిన ధర, కలిసి కొంటే మన ధర. నలభై ఇళ్లకు నలభై చచ్చు టాబ్లెట్లు ఎందుకు?

పోయిన ఏడు మా కమిటీలో ఈ మాట పెట్టినాను. అందరికీ తలా ఒక చవకది కొనిద్దాము, పేరొస్తుంది అన్నారు కొందరు. వద్దు, రెండు మంచివి కొని ఆఫీసులో పెడదాము అన్నాను. నా మాటే నెగ్గుతుందనుకున్నాను. అప్పుడు మా సభ్యురాలు ఒకామె లేచి, "అన్నా, మీ ఆఫీసుకు ఆరు గంటలకు తాళం వేస్తావు. మా పిల్ల వంట పని అయినాక ఎనిమిదికి చదువుకు కూర్చుంటుంది. ఆ టాబ్లెట్ ఎవరికి? నీకా?" అన్నది. నాకు మాట రాలేదు. ఆమె చెప్పింది నిజం.

అందుకని ఇట్లా చేసినాము. రెండు కాదు, నాలుగు కొన్నాము. పగలు ఆఫీసులో డిజైన్లు చూసుకోవడానికి, ఫారాలు నింపడానికి. సాయంత్రం ఐదున్నరకు పరీక్ష రాసే పిల్లలున్న ఇళ్లకు రిజిస్టరులో సంతకం పెట్టించి ఇస్తాము. పొద్దున తొమ్మిదికి తిరిగి రావాలి. తెచ్చిచ్చేముందు ఎవరి అకౌంటు వాళ్లు తీసెయ్యాలి. పగిలితే సగం సంఘం, సగం ఇల్లు. ఇంతవరకు ఒక తెర పగిలింది. ఒక ఇంటినుంచి వారం దాకా తిరిగి రాలేదు, నేనే పోయి అడిగి తెచ్చినాను. గొడవలు ఉన్నాయి. కానీ పోయిన పరీక్షలకు ఏడుగురు పిల్లలు వాటి మీద చదివినారు. వాళ్లలో ఎవరి నాన్న మజూరీలోనూ కోత లేదు.

మీమీ సంఘాల్లో కూడా ఇది ఆలోచించండి. సమాఖ్య తరఫున అందరం కలిసి ఒకేసారి కొంటే ధర మాట్లాడవచ్చు, సర్వీసు గురించి గట్టిగా అడగవచ్చు. సొంతంగా కొనాలనుకునేవాళ్లు కొనండి, నేను వద్దనను. పోయేముందు ఏ పనికి, ఎవరి చేతికి, ఎన్ని చీరలు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. తోడు కావాలంటే నన్ను పిలవండి, ఎస్.పి. రోడ్డుకు నేనే వస్తాను. ఈసారి తక్కువది ఏది అని మాత్రం అడగను.